బైరాగి మావ (61)

చినతోటూరు హైస్కూలు పిల్లలు నెలకోసారి తెచ్చే పత్రిక పేరు ‘జీడిపూత’. పత్రిక అనగానే మరీ పెద్దగా ఊహించుకోకూడదు. ఒక తెల్లకాగితం, దానికి రెండు వైపులా నల్లపెన్నుతో గుండ్రటి అక్షరాలు, అంతే. హెడ్మాస్టరు వేంకటాచలం గారు పలాస వెళ్లినప్పుడు జిరాక్సు తీయించుకొస్తారు. పాలకేంద్రం గోడకి ఒకటి, సముద్రం ఒడ్డున చేపల వేలంపాట జరిగే పాకకి ఒకటి, జీడిషెడ్డు తలుపుకి ఒకటి అంటిస్తారు. మిగిలినవి బడిలో చేతులు మారి మారి నలిగిపోతాయి.

ఆ గుండ్రటి అక్షరాలు నాగసుధవి. తొమ్మిదో తరగతి. ఆ పిల్ల నోట్లో నాలుక ఉందో లేదో ఇంట్లోవాళ్లకే అనుమానం. చిన్నప్పుడు ఎవరైనా పేరడిగితే అమ్మ కొంగు చాటుకి పోయేది. ఇప్పుడు పొడుగెదిగి కొంగు చాలక, స్నేహితురాలు దీప్తి వెనక్కి పోతోంది. దీప్తి అందుకు సరిగ్గా ఎదురు. ఊళ్లో ఎవరింట్లో ఏం కూరో, పొయ్యి మీంచి దించకముందే దానికి తెలుసు.

తెలుగు కూడా చెప్పే వేంకటాచలం గారు, “ఈ పిల్ల మాటలు ఖర్చుపెట్టదు. రాతకని దాచుకుని ఉంటుంది” అని నాగసుధని ఎడిటర్ని చేశారు. ఆయన లెక్క తప్పలేదు.

జీడిపూతకి ఒక పద్ధతి ఉంది. ఎవరో పెట్టింది కాదు, అలా పడిపోయింది. జిరాక్సుకి పంపకముందు దీప్తి ఆ కాగితం పట్టుకుని జీడిషెడ్డుకి వెళుతుంది. అక్కడ ఆడవాళ్లు చాపల మీద వరసగా కూర్చుని, చిన్న చాకులతో జీడిపప్పు పొట్టు తీస్తుంటారు. వాళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ. దీప్తి గుమ్మంలో నిలబడి కాగితం అంతా గట్టిగా చదువుతుంది. నాగసుధ తలుపు పక్కనుంచి వాళ్ల చేతులకేసి చూస్తుంటుంది. చేతులు ఆడుతున్నంతసేపూ రాత బాగున్నట్టే. నవ్వుతూ ఆడితే మరీ బాగున్నట్టు. ఎక్కడైనా చేతులు ఆగి, “ఎవలే ఆడు? ఏటంతాది?” అన్నారంటే, ఆ వాక్యం కింద పెన్సిలు గీత పడుతుంది. రాత్రికి ఆ వాక్యం మారిపోతుంది.

కార్తీకమాసం వెళుతుండగా టెక్కలి నుంచి కబురొచ్చింది. విద్యార్థి పత్రికల ఎడిటర్లకి రెండురోజుల నాయకత్వ శిక్షణ. తరవాత నెల తిరిగేసరికి, నేర్చుకున్నదాంతో తెచ్చిన కొత్త సంచికలతో గుర్తింపు సభ. ఒక్కో బడి నుంచి ఒక్కరే రావాలి.

వేంకటాచలం గారు నాగసుధని గదిలోకి పిలిచారు. “వెళ్లిరామ్మా. ఒక మాట చెప్పనా? అక్కడ నలుగురిలో నిలబడి మాట్లాడాలి. నీ వల్ల కాకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన మానస ఉంది, వక్తృత్వంలో దానికి ఎన్ని కప్పులొచ్చాయో నీకు తెలుసు. గుర్తింపు సభ చూసుకుని, అప్పటికీ కష్టమనిపిస్తే పత్రిక దానికి అప్పజెబుదాం. నిన్ను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.”

ఆయన అన్నది ప్రేమగానే. నాగసుధ తలూపింది. జీడిపూత లేకపోతే తనకి మాట్లాడే దారే లేదని ఆ గదిలో ఎవరికి చెప్పుకోవాలి? చెప్పాలంటే మళ్లీ నోరే కావాలి కదా.

బయట కాచుకున్న దీప్తి సంగతి విని నెత్తి కొట్టుకుంది. “తలూపీసినావా? ఓలమ్మ! మేకపిల్ల కూడా తల అడ్డంగా ఆడిత్తాది గదే, నీకది కూడా రాదేటి?”

*

టెక్కలిలో ఒక కాలేజీ హాలు. శిక్షణ ఇచ్చే ఉదయశంకర్ గారు విశాఖపట్నం పత్రికల్లో జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి. మాట మెత్తన, చూపు చురుకు. ముందుగా ఒక్కొక్కరినీ లేపి, పేరు, బడి, పత్రిక గురించి చెప్పమన్నారు. పలాస పిల్లలు రంగుల అచ్చు పత్రికలు తెచ్చారు. నాగసుధ వంతు వచ్చింది. లేచింది. “నాగ…” అంది. కూర్చుంది.

హాలులో కిసకిసలు మొదలయ్యాయి. ఉదయశంకర్ గారు నవ్వలేదు. “పర్వాలేదమ్మా. మిగతా సగం రేపు చెబుదువుగాని” అన్నారు.

పక్కన కూర్చున్న రావివలస అమ్మాయి జాహ్నవి మాత్రం ఒక చేగోడీ తీసి నాగసుధ చేతిలో పెట్టింది. “తిను. నోరు ఖాళీ లేదనుకుంటారు” అంది. ఆ రెండురోజులూ నాగసుధ ఆ పిల్ల పక్కనుంచి కదల్లేదు.

రెండోరోజు అందరి పత్రికలూ చూశారు. జీడిపూత ఉదయశంకర్ గారి చేతిలోకి వచ్చింది. “రాత ముత్యాల్లా ఉంది” అని మొదలుపెట్టి, మధ్యలో ఆగారు. “‘బైరాగి మావ కొబ్బరిచెట్టు ఎక్కడం మానేశాడు, మోకాలు నొప్పి.’ ఈ బైరాగి ఎవరికి మావ?”

“నాకండి” అంది నాగసుధ, తనకే వినపడీ వినపడనట్టు.

“మరి నీ స్నేహితురాలికి?”

“దీప్తికి చిన్నాన్నవుతాడండి.”

“చదివేవాళ్లకి?”

హాలంతా గొల్లుమంది. ఉదయశంకర్ గారు కూడా ఈసారి నవ్వారు, కానీ కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా మడిచి ఇచ్చారు. అందరికీ చెబుతూ బోర్డు మీద రాశారు. మనిషి ఇంటిపేరు, పేరు, బ్రాకెట్లో వయసు, ఊరు తప్పకుండా ఉండాలి. మొదటిపేజీలో ఫోటో ఉంటే చుట్టూ గీత కట్టాలి, కంటికి నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖర్న చెప్పారు. “నిర్ణయం ఎడిటరుది. పత్రిక బయటికి రాకముందు ఊరందరికీ చూపించకూడదు. చూపిస్తే తలో వాక్యం తమవైపు లాక్కుంటారు. ఎడిటరు ఒంటరిగా నిలబడడం నేర్చుకోవాలి.”

నాగసుధ ప్రతి ముక్కా రాసుకుంది. ఒంటరిగా అన్న మాట కింద గీత కూడా గీసింది. ఇంటికొచ్చే బస్సులో అదే ఆలోచన. ఇన్నాళ్లూ దీప్తి నోటితో నడిచింది. ఇప్పుడు ఎవరి నోరూ లేకుండా, ఎవరినీ అడక్కుండా ఒక సంచిక తెస్తే, తను ఎడిటరేనని వేంకటాచలం మాస్టారికి చెప్పకుండానే తెలుస్తుంది.

*

ఆ నెల పెద్దవార్త బైరాగిదే. తిత్లీ తుపానులో అతని కొబ్బరితోట మొత్తం వేళ్లతో సహా పడిపోయింది. మళ్లీ మొక్కలు నాటాడు. ఏడేళ్లకి, ఇదిగో, మొదటి చెట్టు గెల వేసింది. నాగసుధ రెండు సాయంత్రాలు కూర్చుని రాసింది. ఎక్కడా మావ అన్న మాట రానివ్వలేదు. “నెయ్యల బైరాగి (61), చినతోటూరు” అని మొదలుపెట్టింది. అతని ఆధార్ కార్డు జిరాక్సులోంచి ఫోటో కత్తిరించి, కాగితం పైభాగాన అంటించి, చుట్టూ స్కేలు పెట్టి దట్టంగా రెండు నల్లగీతలు కట్టింది. చూసుకుంటే విశాఖ పత్రికలాగే ఉంది.

“షెడ్డుకి ఎప్పుడెల్దాం?” అని దీప్తి అడిగింది.

“ఈపాలి వద్దు” అంది నాగసుధ.

“అదేటి?”

“ముందుగా చూపించకూడదంట.”

దీప్తి ఒక క్షణం ఆమె మొహంలోకి చూసింది. “సరే మరి, ఎడిటరమ్మా” అని వెళ్లిపోయింది. దీప్తి అంత తక్కువ మాట్లాడడం అదే మొదలు.

మాస్టారు జిరాక్సులు తెచ్చిచ్చిన మర్నాడు, శుక్రవారం పొద్దున్నే, షెడ్డు తియ్యకముందు నాగసుధ ఒక్కతే వెళ్లి తలుపుకి కాగితం అంటించి, బడికి పోయింది.

పొట్టు తీసేవాళ్లు వచ్చారు. తలుపు మీద బైరాగి. చుట్టూ నల్లగీతల డబ్బా. పక్కన బ్రాకెట్లో అంకె. వాళ్లకి చదువు రాకపోవచ్చుగానీ, ఏ ఫోటో దేనికి వేస్తారో తెలియనిదెవరికి? ఆ ఊళ్లో మనిషి బొమ్మ గడిలోకెక్కి, పేరు పక్కన బ్రాకెట్లో వయసు పడిందంటే అర్థం ఒక్కటే. కూడబలుక్కుని చదవగలిగిన ఒకామె వేలు పెట్టి, “తి…త్లీ… తుపానులో… కో…ల్పో…” అనేసరికి వెనకనుంచి ఎవరో నోరు నొక్కుకున్నారు. “ఓలమ్మో! బైరాగి ఎల్లిపోనాడే!”

బైరాగి అక్క బొడ్డమ్మ కూడా ఆ షెడ్డులోనే పని చేస్తుంది. అందరికంటే వెనకాల వస్తోంది, చేతిలో సద్దిగిన్నెతో.

బైరాగి నాలుగురోజులుగా పెళ్లాంతో కంచిలిలో కూతురింట్లో ఉన్నాడు. ఫోను ఎప్పటిలాగే ఆపేసి ఉంది. ఊళ్లో మనిషి కనపడడు, ఫోను పలకదు, తలుపు మీద బొమ్మ. ఇంకేం కావాలి?

పొద్దెక్కేసరికి ఏడుపు బడిదాకా వినిపించింది. నాగసుధ పరిగెత్తి వెళ్లేసరికి బైరాగి ఇంటి ముందు జనం. తాళం వేసిన గుమ్మం ముందు మట్టిలో బొడ్డమ్మ. జుట్టు విడిపోయి, రొమ్ము బాదుకుంటూ రాగం తీసి ఏడుస్తోంది. ఆ వైపు ఆడవాళ్లు పోయినవాళ్ల కథంతా ఏడుపులోనే చెబుతారు.

“తమ్ముడో… నా సిన్న తమ్ముడో… తుపానొచ్చి తోటంతా పడిపోతే మంచం దిగకుండా పడుకున్నావు గదరా తమ్ముడో… మొక్కలు నాటీసి మద్రాసు పనికెల్లిపోతే, మూడు ఎండాకాలాలు నాను బిందెలు మోసినాను గదరా తమ్ముడో… తొలిగెల దింపుకుండా ఎల్లిపోనావేట్రా… నాకు సెప్పుకుండా ఎల్లిపోనావేట్రా…”

నాగసుధ జనం వెనకాలే ఆగిపోయింది. ఏం జరిగిందో ఆమెకి అప్పటికి అర్థమైంది. నోరు తెరిచి “బతికే ఉన్నాడు” అంటే చాలు. నోరు తెరిచింది కూడా. అంత ఏడుపు మీద ఆ గొంతు గాలికి ఎగిరిన పొట్టులా పోయింది.

అప్పుడే వీధి మలుపులో ఆటో ఆగింది. అందులోంచి గుండెలు బాదుకుంటూ బైరాగి దిగాడు. కంచిలిలో ఎవరో “మీ ఇంటి ముందు ఏడుపులంట” అంటే విని, ఎవరు పోయారో అడిగే ధైర్యం లేక, దారంతా ఏడుస్తూ వచ్చాడు.

“అప్పా! ఓలప్పా! ఎవలు పోనారే?”

బొడ్డమ్మ రాగం సగంలో ఆగింది. తలెత్తి చూసింది.

“నువ్వు బాగానే ఉన్నావు గదే అప్పా! మరెవలు?”

“నువ్వేరా!” అంది బొడ్డమ్మ.

“నానా?” అని బైరాగి తన ఛాతీ తడుముకున్నాడు.

మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. బైరాగి కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వనిది ఇద్దరే. ఒకరు జనం వెనకాల గోడకి ఆనుకుని ఉన్న నాగసుధ. రెండోవారు మట్టిలోంచి మెల్లిగా లేచి, జుట్టు ముడేసుకుంటూ, ఎవరికేసీ చూడకుండా తన ఇంట్లోకి వెళ్లిపోయిన బొడ్డమ్మ.

*

బైరాగి మంచివాడు. మర్నాడు నాగసుధ కనపడితే, “రాతలో సంపేత్తే ఆయుష్షు పెరుగుతాదంటలే. ఏడాదికోపాలి రాసీయే గుంటా, నూరేళ్లు గేరంటీ” అన్నాడు. నాగసుధ నాన్న ధర్మారావు కూడా ఏమీ అనలేదు. వేంకటాచలం గారు కాగితాలన్నీ పీకించేసి, “అయిందేదో అయిందమ్మా. వచ్చేవారం సభకి మానసని తీసుకెళ్లమంటావా? నీకిష్టమైతేనే” అన్నారు. నాగసుధ ఈసారి తలూపలేదు. అలాగని అడ్డంగా ఆడించనూ లేదు. ఆయన “ఆలోచించుకో” అన్నారు.

నాగసుధని తినేస్తున్నది అదొక్కటే కాదు. షెడ్డులో బొడ్డమ్మ ఏడుపు ఆటైపోయింది. ఎవరి చాకు పోయినా, “సాకో… నా సిన్న సాకో… నాకు సెప్పుకుండా ఎల్లిపోనావేట్రా” అని రాగం తీసి నవ్వుకుంటున్నారు. నిజంగా తమ్ముడు పోయాడనుకుని ఏడ్చిన ఏడుపది. బొడ్డమ్మ షెడ్డుకి రావడం మానేసింది.

ఆ సంగతి చెప్పింది దీప్తి. చెప్పి, మంచం పట్టె మీద కూర్చుని కాళ్లూపుతూ, “నన్నడిగుంటే సెప్పుదును” అంది.

“ఊఁ.”

“బొమ్మ సూడగానే సెప్పుదును. ‘ఓసి పిచ్చిదానా, మా సిన్నాన్నకి దినం పెట్టీసినావేటే’ అని.”

“ఊఁ.”

“ఊఁ ఏటి? నానంటే ఒట్టి నోరనుకున్నావా? నా సెవులు, నా కాళ్లు కావా నీ పేపరికి?” 

నాగసుధ జరిగి జరిగి దాని పక్కకి చేరింది. భుజం మీద తల ఆనించింది. “నా ఒక్కదాన్నే సేసి సూపిద్దామనుకున్నాను. నేకపోతే మానసకి ఇచ్చేత్తారు” అంది. అంత పొడుగు మాట దానితో ఎప్పుడూ అనలేదు.

దీప్తి ముక్కు చీదింది. “సర్లే. దిద్దుబాటేదో రాసియ్యి. నాను షెడ్డులో సదివేత్తాను.”

ఆ రాత నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చించింది నాగసుధ. ‘నెయ్యల బైరాగి మరణించలేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము’ అని ఒకసారి వచ్చి, చదువుకుంటే తనకే నవ్వూ ఏడుపూ వచ్చాయి. ఆఖరికి పెన్ను పక్కన పెట్టి కళ్లు మూసుకుంది. బొడ్డమ్మ ఏడుపే చెవుల్లో తిరిగింది. బిందెలు మోసినాను గదరా. మూడు ఎండాకాలాలు.

తను రెండు సాయంత్రాలు కూర్చుని రాసిన వార్తలో ఆ బిందె లేదు. బైరాగి నాటాడు, చెట్టు కాసింది, అంతే రాసింది. మధ్యలో నీళ్లెవరు పోశారని అడగాలని తనకి తోచలేదు. బొడ్డమ్మ తనంతట తను ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. తమ్ముడు పోయాడనుకుంటే తప్ప.

కొత్త కాగితం తీసుకుని రాసింది.

*

బొడ్డమ్మ ఇంటికి నాగసుధ ఒక్కతే వెళ్లింది. బొడ్డమ్మ అరుగు మీద చేప ఎండబెడుతోంది. చూసి మొహం తిప్పుకుంది.

“పెద్దమ్మా.”

“ఏటి? నా బొమ్మ కూడా ఏస్తావేటి?”

నాగసుధ నిలబడే ఉంది. కాగితం విప్పింది. చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే రెండుసార్లు ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది. తప్పు తనదని, ఎవరినీ అడక్కుండా రాశానని ఉంది అందులో. ఆ తరవాత బొడ్డమ్మ సంగతి వచ్చింది.

“‘బైరాగి మావ మద్రాసు వెళ్లాక మొక్కలు బతుకుతాయని ఎవరూ అనుకోలేదు. వాళ్లప్ప బొడ్డమ్మ పొద్దున్నే కుండతో…’”

“కుండేటి? బిందె” అంది బొడ్డమ్మ, చేప తిప్పుతూనే.

నాగసుధ దిద్దింది. “‘…బిందెతో చెరువునుంచి…’”

“సెరువేటి, ఎండాకాలం సెరువులో నీలుంటాయా? బోరింగు. ఆ సివర మాలచ్చిమి తోటలోది.” చెయ్యి ఆగింది. “ఆడు నాటిన వాటిల్లో రెండు ఎండిపోనాయి కూడాను. అదీ రాయి. అన్నీ బతికినాయని అబద్ధమెందుకు?”

రాసింది. బొడ్డమ్మ కొంచెం జరిగి అరుగు మీద చోటిచ్చింది. నాగసుధ కూర్చుంది. చాలాసేపు రాసుకున్నారు. పని అయ్యాక బొడ్డమ్మ చేతులు కడుక్కుని అడిగింది. “ఇది షెడ్డులో సదువుతారా?”

“దీప్తి చదువుతాది, పెద్దమ్మా.”

“దీప్తి ఏడిపించిందేటి నన్ను? నువ్వు ఏడిపించినావు. నువ్వే సదువు.” గొంతు తగ్గించి అంది. “నానూ వత్తాను. నా ఒక్కదానికీ ఆ గుమ్మం ఎక్కాలంటే సిగ్గుగా ఉంది.”

ఆ మాట నాగసుధని పట్టుకుంది. అంత నోరున్న బొడ్డమ్మకి కూడా సిగ్గు! ఆమె చెయ్యి పట్టుకుని లేపింది.

షెడ్డు గుమ్మంలో ఇద్దరూ కనపడగానే లోపల ఎవరో “తమ్ముడో…” అని అందుకోబోయారు. బొడ్డమ్మ చెయ్యి నాగసుధ చేతిలో బిగిసింది. నాగసుధ కాగితంకేసే చూస్తూ చదవడం మొదలుపెట్టింది. గొంతు చిన్నదే. చాకుల చప్పుడులో వినపడక ముందువరసవాళ్లు “ఉండండే” అని వెనకవాళ్లని కసిరారు. ఒక్కో వరసా నెమ్మదించింది. తప్పు తనదన్న చోట నాగసుధ ఆగి ఊపిరి తీసుకుంది. మూడు ఎండాకాలాల చోట తొందరగా చదివేసింది. ఎండిపోయిన రెండు మొక్కల దగ్గరికి వచ్చేసరికి షెడ్డులో ఒక్క చాకు కూడా ఆడడం లేదు.

చేతులు ఆగాయంటే రాత బాగోలేదనే కదా ఇన్నాళ్ల లెక్క. భయపడుతూ తలెత్తింది. ఎవరూ “ఏటంతాది” అనలేదు. ఇందాక రాగం తీయబోయిన ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, తన చాప మీద పక్కకి జరిగింది. “రాయే బొడ్డమ్మా, ఇలా కూకో. మాకు లేని సిగ్గు నీకేటే” అంది.

బొడ్డమ్మ వెళ్లి కూర్చుంది. నాగసుధ గుమ్మంలోనే నిలబడిపోయింది. దీప్తి కిటికీ అవతలనుంచి తల దూర్చి, “ఆ బిందె కాడ ఇంకొంచెం నెమ్మదిగా సదవాల్సింది” అంది. 

మర్నాడు బడికి వెళ్లి, వేంకటాచలం గారి గది ముందు చాలాసేపు నిలబడి, లోపలికి వెళ్లింది నాగసుధ. “టెక్కలికి నేనే వస్తానండి” అంది. ఆయన కళ్లజోడు తీసి చూశారు. “అలాగేనమ్మా” అన్నారు.

*

గుర్తింపు సభలో ఒక్కొక్కరికి రెండేసి నిమిషాలు. నాగసుధ చేతిలో మైకు గరగరమంది. దాన్ని బల్ల మీద పెట్టేసింది. చివరివరసల్లో కొందరు వినడం మానేసి కబుర్లలో పడ్డారు. ఆమె ఆగలేదు. తలుపు మీది బొమ్మ, ఆటో దిగిన బైరాగి, “నువ్వేరా” అన్న బొడ్డమ్మ, అన్నీ చెప్పింది. నవ్వులు వచ్చాయి. నవ్వులు తగ్గేదాకా నిలబడి, దిద్దుబాటు చదివింది. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. గంట కొట్టాల్సిన మాస్టారు గంట పట్టుకుని వింటున్నారు.

ఉదయశంకర్ గారు ముందువరసలోంచి లేచారు. “బ్రాకెట్టు పెట్టమన్నది నేనే. సగం తప్పు నా ఖాతాలో రాసుకో తల్లీ. సరే, ఇకమీదట ఎలా రాస్తావు?”

“‘బొడ్డమ్మ తమ్ముడు నెయ్యల బైరాగి’ అని రాస్తానండి. వయసు రాయను.” ఒక్క క్షణం ఆలోచించి, “పోయినప్పుడు రాస్తానండి” అంది.

హాలు గొల్లుమంది. తను హాస్యమాడినట్టు నాగసుధకి అప్పటికి తెలిసి, మొహం ఎర్రబడింది.

ఉత్తమ ఎడిటరు గుర్తింపు జాహ్నవికి వచ్చింది. రావాల్సిందే. బడి పక్కన లైట్లు లేని రోడ్డు గురించి ఆ పిల్ల మూడు సంచికలు వరసగా రాసి దీపాలు తెప్పించింది. నాగసుధ అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది. తనకి అందరితోపాటు ఒక సర్టిఫికెట్టు వచ్చింది.

పలాసలో బస్సు దిగి, ఊరికి వెళ్లే ఆటో కోసం నిలబడ్డారు. వేంకటాచలం గారు రెండు టీలు చెప్పారు. గ్లాసు తిప్పుతూ, “అమ్మా, నేను ఆరోజన్న మాట…” అని మొదలుపెట్టారు.

ఆయన ఏమంటారో వినేదాకా ఆగితే మళ్లీ తల దానంతటదే ఊగుతుందని నాగసుధకి భయం వేసింది. “మాస్టారూ, పత్రిక నాకు కావాలండి” అనేసింది.

ఆయన గ్లాసు తిప్పడం ఆపారు.

“మానస బాగా మాట్లాడుతుందండి. ఆటల వార్తలు దాన్నే తెమ్మంటాను. కానీ ఎడిటరుగా నేనే ఉంటానండి. నా పేరు పక్కన దీప్తి పేరు కూడా వెయ్యాలండి. షెడ్డులో చదివాకే జిరాక్సుకి ఇస్తానండి.” ఊపిరి అయిపోయింది. టీ కొంచెం ఒలికింది.

వేంకటాచలం గారు తన జేబురుమాలు తీసి ఆమెకిచ్చారు. “నీకు బరువనుకున్నానమ్మా, దించుదామనుకున్నాను. ఇంత ఇష్టమని ఎప్పుడూ అనలేదేం?”

“అనడం రాలేదండి.”

ఆయన తలూపారు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. “ఉంచుకో. నీదే” అన్నారు. ఆ తరవాత ఇద్దరూ టీ తాగారు.

ఆటో వచ్చింది. అప్పటికే నిండిపోయి ఉంది. సంతనుంచి వస్తున్న ఊరివాళ్లు సర్దుకుని ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టు చోటిచ్చారు. డ్రైవరు పక్కన మాస్టారు, వెనకాల బుట్టల మధ్య నాగసుధ. ఒకామె నాగసుధ చేతిలోని సర్టిఫికెట్టు చూసి, “ఏటే గుంటా, కప్పొచ్చిందా?” అని అడిగింది.

“రాలేదత్తా. వేరే అమ్మాయికొచ్చింది.”

“అయ్యో. మరి పొద్దున్నంచీ ఏటి సేసినారక్కడ?”

నాగసుధ బుట్ట ఒడిలోకి లాక్కుని, రావివలస పంచాయతీ ప్రెసిడెంటు చేత జాహ్నవి రోడ్డు మీద దీపాలు ఎలా పెట్టించిందో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. గతుకుల్లో మాట ఎగిరెగిరి పడుతోంది. ముందునుంచి డ్రైవరు “ఏటీ, ఏటన్నారంట ఆ ప్రెసిడెంటు?” అని అడిగి, పాట ఆపేసి, ఆటోని కొంచెం నెమ్మదిగా పోనిచ్చాడు.